మింగిన ముద్ద

హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఆ హైవే మీద తిలక్ తిట్టని హోటలంటూ లేదు. ఒకచోట సాంబారు పేరు చెప్పి పసుపు నీళ్లు పోస్తారు. ఇంకోచోట అన్నంలో రాళ్లు. మరోచోట సప్లయరు తన బొటనవేలు మునిగిన రసం గ్లాసు తెచ్చి ముందు పెట్టి, ఇంకేం కావాలన్నట్టు నడుం మీద చెయ్యేసుకుని నిలబడతాడు. మోటారు పంపులు అమ్మే కంపెనీలో తిలక్‌ది ఊళ్లు తిరిగే ఉద్యోగం. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీ షెడ్ల వెనకాల అద్దెకు ఒక గది. వండుకునే ఓపిక లేదు, వండిపెట్టే దిక్కూ లేదు. పోనీ సెలవు దొరికి పలమనేరు పోతే, అమ్మ చనిపోయినప్పటి నుంచీ అక్కడ వంట నాయనదే. ఆయన కెలికిన రాగిసంగటిని గొడ్డలితో కొట్టాలి. ఇష్టంగా ఒక పూట తిండి తిని ఎన్నాళ్లయిందో తిలక్‌కే గుర్తులేదు. ఈ రోడ్డు తన కడుపు మీద పగబట్టిందని అతని నమ్మకం.

అలాంటివాడికి రెండువేల సంవత్సరం మొదట్లో, చలికాలం మధ్యాహ్నం, శూలగిరి దాటాక బండి పంక్చరయింది. పంక్చరు వేసేవాడు భోజనానికి పోయాడట, ఎప్పుడొస్తాడో వాడి కొట్టు పక్కన పడుకున్న కుక్కకు కూడా తెలియదు. తిలక్ వాడినీ వాడి భోజనాన్నీ తిట్టుకుంటూ చుట్టూ చూశాడు. రోడ్డుకు అవతల ఒక రేకుల కొట్టం, దానికి ‘మిలిటరీ హోటల్ అండ్ బార్’ అని బోర్డు. మాంసం వండే హోటలును ఆ పక్క అలాగే అంటారు. అరవంలో, కన్నడంలో పెద్ద అక్షరాలు, తెలుగులో మాత్రం కనీ కనిపించనంత చిన్నవి. అది చూసి కూడా తిలక్‌కు ఒళ్లు మండింది. ఆకలి మీదున్న మనిషికి ఏది చూసినా మండుతుంది.

లోపల ముందు భాగం బారు, వెనక భాగం హోటలు, రెంటికీ మధ్య నడుమెత్తు గోడ. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. మీసాలు, మొహం నిండా విసుగు. లోపలికి వచ్చే ప్రతివాణ్నీ గ్లాసులు ఎత్తుకుపోవడానికి వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తున్నాడు. అతనే ఓనరు, పేరు సోమప్ప. తిలక్ ఒక బీరు అడిగి, చల్లగా ఉంటుందా అన్నాడు. చల్లగా కావాలంటే ఊటీకి పొమ్మన్నాడు సోమప్ప. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. వాళ్లకు ఆ తిట్లు అలవాటేననీ, తిట్టించుకోవడానికే రోజూ వస్తారనీ తిలక్‌కు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, బీరు మొహాన కొట్టి లేచిపోదామా అనిపించింది.

లేచిపోయేవాడే. కానీ గోడ అవతలి వంటింట్లోంచి ఒక వాసన వచ్చింది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్లతో నొక్కి తొక్క ఊడదీసి, కొబ్బరీ పచ్చిమిరపా నూరి వండే పితికిపప్పు వాసన. ఏ హోటలువాడు పెట్టుకుంటాడు అంత చాకిరీ? తిలక్ నోట్లో నీళ్లూరాయి. తనకు ఆ పప్పూ సంగటీ కావాలన్నాడు.

ఇది తాగేవాళ్ల పక్క, తినేవాళ్ల పక్క వేరే అని కసిరాడు సోమప్ప. ఆ తర్వాత, ఆ ప్రాంతంలో చెంబెడు నీళ్లిచ్చే ముందు కూడా ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగాడు.

“యా ఊరప్పా మీది?”

పలమనేరు అన్నాడు తిలక్. పలమనేరు మాట ఇట్లా ఉండదే, అంతకుముందు యాడ అని మళ్లీ అడిగాడు సోమప్ప. డెంకణికోట పక్కన దొడ్డకుంట అనీ, తనకు అయిదేళ్లప్పుడే ఊరు విడిచి వచ్చేశామనీ, తన నాయన పేరు శ్రీరామప్ప అనీ తిలక్ చెప్పాడు.

సీసా తుడుస్తున్న సోమప్ప చెయ్యి ఆగింది. లేచి వంటింట్లోకి పోయాడు. లోపల గుసగుసగా మాటలు, ఆ వెంటనే ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. చాలాసేపటికి బయటికి వచ్చి, నోరు పుక్కిలించుకుని లోపలికి రమ్మన్నాడు. మాటలో మర్యాద లేదు, కోపమూ లేదు. అరటాకును తనే కడిగి, బల్ల చివర, వంటింటి కిటికీకి ఎదురుగా వేశాడు.

ఆ సీమలో పుట్టినవాడికి సంగటి ఎలా తినాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ముద్దలోంచి కొంచెం తుంచి, వేళ్లతో గుండ్రంగా చేసి, కూరలో పొర్లించి మింగాలి. నమలకూడదు. సంగటి నమిలేవాణ్ని చూస్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ముద్ద గొంతు దిగిపోతుంది, ఆ వెనకాల కూర రుచి తీరిగ్గా నాలుకకు తెలుస్తుంది. తిలక్ మొదటి ముద్ద మింగాడు. పప్పు రుచి తెలిసింది. అంతే, బీరూ పంక్చరూ కంపెనీ అన్నీ మర్చిపోయాడు. ఆకు మీద మెతుకు లేకుండా తుడిచి తలెత్తేసరికి, వంటింటి కిటికీలో ఒక ముసలామె తెల్లజుట్టూ, తనమీదే నిలిపిన రెండు కళ్లూ కనిపించాయి. తిలక్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కిటికీ తలుపు వేసేసింది.

అప్పటినుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం ఎక్కడున్నా ఆ వేళకు అక్కడికి చేరుకునేవాడు. చలికాలం పోయి పితికిపప్పు అయిపోయాక కోడిపులుసు, తర్వాత తలకాయ కూర, బోటి, వానల్లో ఉలవచారు. ఏది తిన్నా ఎప్పుడో తిన్నట్టే ఉండేది, ఎక్కడ తిన్నాడో మాత్రం తట్టేది కాదు. ఆఫీసులో వాళ్లకు ఊరించి ఊరించి చెప్పేవాడు గానీ చోటు మాత్రం చెప్పేవాడు కాదు. చెబితే మందగా వచ్చి పాడుచేస్తారు. వెధవ బతుకులో తనదంటూ ఉన్నది ఆ బల్ల చివర చోటొక్కటే. దాన్ని ఇంకొకరితో పంచుకోవడం అతని వల్ల కాదు.

ఒక్కటే లోటు. సోమప్ప అతనితో మాట్లాడేవాడు కాదు. లారీ డ్రైవర్లను నోటికొచ్చినట్టు తిట్టేవాడు, వాళ్లు నవ్వేవాళ్లు, తనూ నవ్వేవాడు. తిలక్ వస్తే నవ్వు ఆగిపోయేది. అన్నా అని పిలిచినా పలికేవాడు కాదు. అయితే ఆకు మీద మాత్రం అడగకుండానే రెండోసారి పడేది, మూడోసారీ పడేది. ఒకసారి జ్వరంగా ఉండి తిలక్ సగం ముద్ద వదిలి లేవబోతే, సోమప్ప వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. “ఆకులో మిగల్చాకు. ఈడ మిగిల్చినోన్ని మళ్లా రానియ్యము” అన్నాడు. తిలక్ కళ్ల నీళ్లు కారుతున్నా ఆ సగమూ మింగి లేచాడు. మొరటు మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుందని పొంగిపోయాడు కూడా, పిచ్చి సన్నాసి. ఎప్పటికైనా ఈ మనిషి మొహాన ఒక నవ్వు చూడాలి అనుకునేవాడు.

ఇక్కడ శ్రీరామప్ప సంగతి చెప్పాలి. ఆయన బయట ఎవరింట్లోనూ, ఏ హోటల్లోనూ తినడు. తినకపోవడానికి ఒక కథ ఉంది, ఆ కథను తిలక్‌కు వంద సార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ మీసం తడుముకున్నాడు. దొడ్డకుంటలో అన్నదమ్ములు వేరు పడ్డారు. అన్న ఆంజినప్ప వాటాకు బావి పోయింది. తమ్ముడు శ్రీరామప్ప పొలానికి వంతు నీళ్లు ఇస్తామని ముందు ఒప్పుకున్నారు. పంపకాలు అయ్యాక, పెద్దమనుషులతో కలిసి ఆఖరిసారి ఒకే పొయ్యి మీద వండిన భోజనానికి కూర్చున్నప్పుడు, నీళ్లు లేవు పో అన్నాడు అన్న. శ్రీరామప్ప లేచి, వడ్డించిన ఆకును కాలితో తోసేశాడు. మీ చేతి ముద్ద నా గొంతు దిగదు, నా పిల్లోల గొంతూ దిగదు, చావుకూ బతుకుకూ మీకూ నాకూ లేదు అని ఊరి ముందు ప్రమాణం చేసి, పెళ్లాం బిడ్డలతో బండెక్కాడు. ఎక్కడ ఏ చేత్తో ఆ ఇంటి కూడు నోట పడుతుందోనని అప్పటినుంచి బయట ముద్ద ముట్టలేదు. అన్న పోయాడని కబురు వచ్చినా తలంటుకోలేదు, మైల పట్టలేదు. ఇంత పౌరుషం ఉన్న మనిషికి కొడుకుగా పుట్టానని తిలక్ కూడా చిన్నప్పుడు గర్వపడినవాడే. ఆ పెద్దనాన్న సంసారం తర్వాత ఊరు విడిచి ఎక్కడికి పోయిందో అతనికి తెలియదు. వాళ్ల మొహాలూ, పిల్లల పేర్లూ గుర్తులేవు.

మళ్లీ చలికాలం వచ్చింది. మామిడి అంట్లు కొనాలని శ్రీరామప్ప కృష్ణగిరికి బయలుదేరాడు. హోసూరులో దిగి కొడుకు బండెక్కాడు. పొద్దున్నుంచీ ఒకటే సణుగుడు. గది బాగాలేదు, టీ బాగాలేదు, అంట్లమ్మేవాడు దొంగ, బండి సీటు గట్టి. తిరుగు దారిలో శూలగిరి దగ్గరికి వచ్చేసరికి ఆకలికి ఆ సణుగుడు కూడా ఆగిపోయింది. తిలక్‌కు నాయన మీద జాలీ కోపమూ రెండూ పుట్టాయి. అమ్మ పోయాక ఈ మనిషి నోటికి రుచిగా ఏం తిన్నాడు గనక? హోటలు సంగటా, థూ అంటున్నా వినకుండా బండి ఆ రేకుల కొట్టం ముందు ఆపాడు. ఒక్క ముద్ద తిని చూడు నాయనా, బాగాలేకపోతే నన్ను చెప్పుతో కొట్టు అన్నాడు. కొడుకు అంతగా బతిమాలడం శ్రీరామప్ప ఎరగడు. విసుక్కుంటూనే లోపలికి నడిచాడు.

గల్లాపెట్టె దగ్గర సోమప్ప తలెత్తాడు. శ్రీరామప్ప ఊరు విడిచిన నాటికి అతను మీసం రాని పిల్లవాడు, ఇప్పుడు ఆయన గుర్తుపట్టే దారి లేదు. సోమప్ప మాత్రం ముసలాయన్ను పాదాల నుంచి తలపాగా దాకా చూశాడు. చూసి నవ్వాడు. ఏడాదిగా తిలక్ ఎదురుచూసిన నవ్వు, పళ్లన్నీ కనబడేట్టు. తిలక్ ఆనందం ఇంతా అంతా కాదు. మా నాయన అని పరిచయం చేస్తుంటే, తెలుసులే అన్నట్టు తలూపి, సోమప్ప తనే రెండు ఆకులు కడిగి వేశాడు. బల్ల చివర, కిటికీకి ఎదురుగా. తనే వడ్డించాడు. పొగలు కక్కే సంగటి, పక్కన పితికిపప్పు.

శ్రీరామప్ప ముద్ద తుంచాడు, పప్పులో పొర్లించాడు, మింగాడు. రెండో ముద్దకు వేళ్లు సంగటి మీద పెట్టి, అలాగే ఆగిపోయాడు. నాలుక మీద ఏదో వెతుక్కుంటున్నవాడిలా దవడలు మెల్లగా కదిలాయి. మొహంలో రక్తం దిగిపోయింది. కిటికీ వైపు చూశాడు.

కిటికీలో ఎవరూ లేరు. వంటింటి తలుపు తీసుకుని ఆ ముసలామె గరిటెతోనే బయటికి వచ్చింది. ఆంజినప్ప పెళ్లాం, సోమప్ప తల్లి, పుట్టమ్మ. శ్రీరామప్పకు వదిన. ఏడాదంతా తిలక్ ఎదుట వంటిల్లు దాటి రాని మనిషి, వచ్చి మరిది ఆకు ముందు నిలబడింది. శ్రీరామప్ప గొంతు పట్టుకుని దగ్గబోయాడు.

“ఉమ్మేకి ఏముండాది శ్రీరామప్పా? మింగినావు గదా” అంది ఆమె.

బారులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. డ్రైవర్లు గోడ మీంచి మెడలు చాచారు. పుట్టమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అంత భయమేసేది కాదు.

“ఆ పొద్దూ ఇదే పప్పు. కోడి కూయక ముందర్నుంచి పితికి పితికి గోళ్లు పుండ్లు పడినాయి నాకు. నీళ్లు లేవనింది మీ అన్న. నువ్వు తన్నింది నేను వండిన కూడు. ఊరంతా సూస్తా ఉంటే నేల మీద వంగి నేను ఎత్తుకొన్నాను. మీ అన్న సచ్చినా నువ్వు రాలే. నీ గొంతు దిగదంటివి, నీ పిల్లోల గొంతు దిగదంటివి. ఏడాదిగా నీ కొడుకు ఈడే తింటాండాడు. ఆకు నాకి పోతాడు. ఈ పొద్దు నీ గొంతూ దిగింది.”

శ్రీరామప్ప కొడుకు వైపు తిరిగాడు. ఆ చూపు తిలక్ ఎన్నడూ చూడలేదు. ఏడాదిగా తిన్నావా అని కూడా అడగలేదు ఆయన. లేచి నిలబడ్డాడు. ఈసారి కాలెత్తలేదు. ఆకు నిండా కూడు అలాగే ఉంది.

“లే రా. లే అంటాండా” అన్నాడు.

తిలక్‌కు విషయం అప్పుడు ఒక్కసారిగా ఎక్కింది. తన చోటని మురిసిపోయిన ఆ బల్ల చివర, కిటికీకి ఎదురుగా ఆకు ఎందుకు వేశారో తెలిసింది. జ్వరంలో సగం ముద్ద ఎందుకు మింగించారో తెలిసింది. ఇందాకటి నవ్వు ఎవరికోసమో తెలిసింది. ఒళ్లంతా భగ్గుమంది. వీళ్ల మీద కోపం, అంతకు రెట్టింపు నాయన మీద కోపం. కాలదన్నిన ఆకు మీద పగ వీళ్లది, ప్రమాణం ఆయనది, మధ్యలో తన కడుపేం పాపం చేసింది? ఆకు ముందు నుంచి లేవలేదు. తండ్రి మొహం చూడకుండా ముద్ద తుంచి, పప్పులో పొర్లించి మింగాడు. ఇంకొకటి మింగాడు. శ్రీరామప్ప ఒక్క క్షణం చూసి, తలపాగా సర్దుకుని బయటికి పోయాడు.

తిలక్ వేగంగా, కసిగా తిన్నాడు. పుట్టమ్మ పక్కనే నిలబడి చూసింది. ఆకు తుడిచేసి తలెత్తాడు. ఎక్కడో మనసు మూలన ఒక ఆశ ఉంది. తండ్రిని కాదని కూర్చున్నాడు కదా, ఇప్పుడైనా ఒక గరిటె పప్పు వేసి, మా పిల్లోడే అంటుందేమోనని.

“అయిపాయనా? లే. ఇంక ఈ పక్క రావాకు” అంది పుట్టమ్మ.

“నేనేం చేసినాను పెద్దమ్మా?” ఆ పిలుపు నోటికి కొత్తగా తగిలింది.

“నువ్వేం చెయ్యలే. నీ మీద ఆశతో పెట్టింది కాదు అబ్బోడా. నువ్వు తినేది వానికి తెలియల్లని పెట్టినాము. తెలిసిపాయ.” ఆమె గరిటె పట్టుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

తిలక్ ఆకు మడిచేలోపే సోమప్ప వచ్చి లాగేశాడు. చేతికి నీళ్లు కూడా లోపల పొయ్యలేదు. బయట తొట్టి దగ్గర కడుక్కోమని వేలు చూపించాడు. గోడ మీంచి చూస్తున్న డ్రైవర్లు తలలు దించుకుని గ్లాసుల్లోకి చూసుకున్నారు.

బండి దగ్గర శ్రీరామప్ప అంట్ల కట్ట ఒళ్లో పెట్టుకుని, వెనక సీటు మీద అవతలికి తిరిగి కూర్చుని ఉన్నాడు. కొడుకు బండి తీసినా తిరగలేదు. హోసూరు చేరువలో ఒక కొళాయి కనబడితే ఆపమన్నాడు. దోసిలి పట్టి తాగాడు, మళ్లీ తాగాడు, గొంతు మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. బండి ఎక్కకుండా రోడ్డు వైపే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు.

“ఆ పొద్దు కూడా ఒక ముద్ద మింగినాకే లేసినాను రా. ఈ సంగతి ఎవురికీ చెప్పలే. ఇరవై ఏండ్లుగా ఆ పప్పు నా నాలిక మీదనే ఉండాది.”

తిలక్‌కు జాలి కలగలేదు. కలిగి ఉండాల్సింది, కలగలేదు. “మీరూ ఆమే కలిసి నా నోటికాడి కూడు తీసేసినారు నాయనా” అన్నాడు. శ్రీరామప్ప మళ్లీ బండెక్కాడు. బస్టాండు దగ్గర దిగి, అంట్ల కట్ట భుజానికెత్తుకుని, వెనక్కి చూడకుండా పలమనేరు బస్సెక్కాడు.

తరవాతి బుధవారం ఆ వేళకు బండి దానంతటదే ఆగినట్టు ఆ రేకుల కొట్టం ముందు ఆగింది. లోపల పితికిపప్పు ఉడుకుతోంది. గుమ్మంలో నిలబడి నడుమెత్తు గోడ మీంచి చూస్తే బల్ల చివర, తను కూర్చునే చోట, నీళ్ల డ్రమ్ము పెట్టి ఉంది. సోమప్ప ఎవరో డ్రైవరును ఊటీకి పొమ్మని తిడుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. తిలక్‌ను చూసి ఆ నవ్వు ఆగిపోయింది. తిలక్ బండి తిప్పుకున్నాడు. కృష్ణగిరి బస్టాండు హోటల్లో కూర్చుని సాంబారన్నం తెప్పించుకున్నాడు. సప్లయరు బొటనవేలు మునిగిన సాంబారే. తిట్టలేదు. తలొంచుకుని, ఒక్కో మెతుకూ నమిలి నమిలి తిన్నాడు.